లైన్ బ్రీడింగ్, ఇన్‌బ్రీడింగ్: గుర్రాల వంశావళికి తెలుగు మాటలు

ప్రశ్న:
నమస్కారమండీ. రేసు గుర్రాల పెంపకం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఇన్‌బ్రీడింగ్‌కి అంతఃప్రజననం అని జీవశాస్త్ర పుస్తకాల్లో ఉంది. లైన్ బ్రీడింగ్‌కి ఏమీ దొరకలేదు. రేఖా ప్రజననం అనవచ్చా? హాఫ్ బ్రదర్ అని ఉన్నచోట సవతి సోదరుడు అని రాశాను. సరిపోతుందా?

జవాబు:
రేఖా ప్రజననం వద్దండీ. ఆ లైన్ గీసిన గీత కాదు, వంశం. పోనీ వంశ ప్రజననం అందామంటే, వంశంతో పని లేని ప్రజననం ఎక్కడుంది? లైన్ బ్రీడింగ్, ఇన్‌బ్రీడింగ్ రెండూ వేర్వేరు పనులు అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతోంది. జరిగేది ఒకటే. ఒకే పూర్వీకుడు తండ్రి వైపూ తల్లి వైపూ కూడా వంశావళిలో కనిపిస్తుంది. దగ్గరి తరాల్లో కనిపిస్తే ఇన్‌బ్రీడింగ్ అంటున్నారు. ఫలానా మేటి గుర్రం లక్షణాలు వంశంలో నిలవాలని, కాస్త ఎడంగా ఉన్న తరాల్లో దాన్ని మళ్లీ తెచ్చుకుంటే లైన్ బ్రీడింగ్ అంటున్నారు. ఎన్నో తరం దగ్గర ఒకటి ఆగి రెండోది మొదలవుతుందో పెంపకందారులే తలో రకంగా చెబుతారు.

అందుకే నేనైతే అంతఃప్రజననం అనే ఒక్క మాటే ఉంచి, ముందు దగ్గరి, దూరపు అని చేరుస్తాను. చుట్టరికాన్ని మనం చెప్పేదీ అలాగే కదా. ఎంత దగ్గరో, ఎంత దూరమో అంకెలు చెబుతాయి. వ్యాసంలో 3×4 లాంటివి వచ్చే ఉంటాయి. మొదటి అంకె తండ్రి వైపు తరం, రెండోది తల్లి వైపు తరం. ఇక్కడ మన తరాల లెక్కతో జాగ్రత్త. తాత, నాన్న, నేను అంటే మూడు తరాలు అంటాం. వంశావళిలో, అది ఏ గుర్రానిదో ఆ గుర్రాన్ని లెక్కలోకి తీసుకోరు. తల్లిదండ్రులు మొదటి తరం, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మలు రెండో తరం. మూడో తరం అంటే ముత్తాతల వరుస.

ఎనేబుల్‌ని తీసుకోండి. ఫ్రాన్స్‌లో జరిగే ఆర్క్ డి ట్రియంఫ్ అనే పెద్ద పందాన్ని 2017లో, 2018లో గెలిచిన ఆడగుర్రం. దాని తండ్రి నథానియల్, నథానియల్ తండ్రి గెలీలియో, గెలీలియో తండ్రి శాడ్లర్స్ వెల్స్. ఇటు ఎనేబుల్ తల్లి కాన్సెంట్రిక్‌కి తండ్రి కూడా శాడ్లర్స్ వెల్సే. అంటే 3×2. ఇక దగ్గరితనాన్ని శాతంలో చూడాలంటే జన్యుశాస్త్రవేత్త సీవల్ రైట్ 1922లో ఇచ్చిన సూత్రం ఉంది. రెండు అంకెలూ కలిపి, ఒకటి తీసేసి, మిగిలినన్ని సార్లు ఒకటిని సగం చేయాలి. ఎనేబుల్‌కి నాలుగుసార్లు, అంటే పదహారో వంతు, 6.25 శాతం. 3×4 అయితే 1.56 శాతమే. ఏదైనా జన్యువు రెండు ప్రతులూ ఆ ఒక్క పూర్వీకుడిలోని ఒకే ప్రతి నుంచి దిగివచ్చే అవకాశం అది. ఆ పూర్వీకుడే దగ్గరి సంబంధంలో పుట్టినదైతే, లేదా రెండు వైపులా ఉమ్మడిగా ఇంకో గుర్రం ఉంటే, శాతం పెరుగుతుంది.

మరో సభ్యుడు:
చిన్న సందేహమండీ. ఒక మేటి గుర్రం పేరు తండ్రి వైపే రెండుసార్లు ఉండి, తల్లి వైపు అసలు లేకపోతే?

జవాబు:
మంచి ప్రశ్న అడిగారు. అప్పుడు దాని మూలంగా ఈ గుర్రంలో అంతఃప్రజననం ఏమీ లేదు. ఈ గుర్రం జన్యువుల్లో ఆ పూర్వీకుడి వంతు పెరిగిందంతే. మూడో తరంలో ఒకసారి ఉంటే సగటున 12.5 శాతం, నాలుగో తరంలో ఉంటే 6.25. వంతు వేరు, ఈ దగ్గరితనం వేరు. రెండు వైపులా ఉంటేనే ఒకే జన్యువు రెండు ప్రతులుగా చేరగలదు. వంశావళి పట్టికలో ఒక పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి దాన్నే ఇన్‌బ్రీడింగ్ అని రాసేవాళ్లున్నారు. అనువాదంలో ఈ తేడా పోతే విషయమే పోయినట్టు.

అదే సభ్యుడు:
మేటి గుర్రం జన్యువులు రెట్టింపైతే మంచిదే కదా?

జవాబు:
మంచివే రెట్టింపవుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరండీ. అరబ్ గుర్రాల్లో ఎస్‌సీఐడీ అనే జబ్బుంది. ఇది వచ్చిన పిల్లకి రోగనిరోధక శక్తే ఉండదు, కొన్ని నెలలకే చనిపోతుంది. అంతర్గత లక్షణం, అంటే రెండు ప్రతులూ లోపమున్నవైతేనే బయటపడేది కాబట్టి, లోపమున్న జన్యువు ఒక్క ప్రతే ఉన్న గుర్రం పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అలాంటివి రెండు జతకడితే ప్రతి కాన్పులోనూ పిల్లకి నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఆ లోపమున్న పూర్వీకుడు రెండు వైపులా ఉంటే రెండు ప్రతులు కలిసే దారి తెరుచుకున్నట్టే. అందం కోసమో వేగం కోసమో దగ్గరి జత వేసేముందు జన్యు పరీక్ష చేయించడం తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం. పుట్టిన పిల్ల ప్రాణంతో పందెం కాయకూడదు.

ఇక మొదటి ప్రశ్నలోని సవతి సోదరుడు. అది పూర్తిగా తిరగబడిందండీ. మనకి సవతి సోదరుడంటే తండ్రి ఒకడే, తల్లులు వేరు. రేసు గుర్రాల వాడుకలో హాఫ్ బ్రదర్ అంటే తల్లి ఒకటే, తండ్రులు వేరు. మగ గుర్రం ఒక్క ఏడాదిలోనే వందకు పైగా పిల్లలకు తండ్రి కావచ్చు. ఆడగుర్రానికి ఏడాదికి ఒక్క పిల్లే. అందుకే తండ్రి ఒకటైనంత మాత్రాన తోబుట్టువులుగా చెప్పరు. ఏకోదరుడు అందామంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకటైనవాళ్లూ ఏకోదరులే. కాబట్టి ‘ఒకే తల్లి పిల్ల, తండ్రి వేరు’ అని విడమరచి రాయండి. తల్లి గుర్రానికి గోడిగ అనే చక్కటి మాట నిఘంటువుల్లో ఉంది. మొదటిసారి ఆడగుర్రం అని పక్కన చెప్పి వాడితే నాకు సంతోషం.

అయితే సవతిని పూర్తిగా వదిలేయకండి. 1949లో ఆర్క్ గెలిచిన కొరొనేషన్ వంశావళి చూడండి. తండ్రి జెబెల్, తల్లి ఎస్మెరాల్డా. ఆ రెండింటికీ తండ్రి టూర్బియోన్. 2×2, అంటే 12.5 శాతం. గుర్రాలవాళ్ల హాఫ్ బ్రదర్, హాఫ్ సిస్టర్ ఈ జతకి వర్తించవు. మన సవతి అన్నాచెల్లెళ్లు సరిగ్గా సరిపోతుంది.

3×4 వచ్చినచోట మాత్రం అంకెలు అలాగే ఉంచి, మొదటిసారి వాక్యంగా విప్పండి: ‘నార్తర్న్ డాన్సర్ దీనికి తండ్రి వైపు మూడో తరంలో, తల్లి వైపు నాలుగో తరంలో ఉంది.’