ఫిల్టర్ గొట్టం మీద ఉన్నవి ఏంజెల్ ఫిష్ గుడ్లేనా? గుర్తుపట్టడం ఎలా?

నల్లగొండ_ఏంజెల్ (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడడుగుల అక్వేరియం ఉన్నది. అందులో ఆరు ఏంజెల్ ఫిష్‌లు, కొన్ని నల్ల మోలీలు, ఒక సక్కర్ చేప, మొక్కలతోపాటు వచ్చి పెరిగిన చిన్న నత్తలు ఉన్నాయి. ఏంజెల్ ఫిష్‌లను చిన్న పిల్లలుగా తెచ్చాం. ఇప్పటికి ఏడాది దాటింది.

కొద్ది రోజులుగా వాటిలో రెండు మిగతావాటితో కలవడం మానేశాయి. ఫిల్టర్ గొట్టం ఉన్న మూలను ఆక్రమించుకుని, అటు వచ్చిన ప్రతి చేపనూ తరిమికొడుతున్నాయి. మధ్య మధ్య ఆ గొట్టాన్ని మూతితో గీకుతున్నట్టు పొడుస్తున్నాయి. ఒక్కోసారి ఒకదాని మూతిని మరొకటి పట్టుకుని లాగుకుంటున్నాయి. రెండింటికీ పొట్ట కింద చిన్న తెల్లని మొన బయటికి వచ్చి కనిపిస్తున్నది. చేపలు అమ్మే దుకాణంలో అడిగితే పేగులో పురుగు ఉన్నదని చెప్పి ఒక మందు ఇచ్చారు. అది ఇంకా వేయలేదు.

నిన్న సాయంత్రం చూస్తే ఆ గొట్టం మీద గసగసాల కంటే కొంచెం పెద్దవిగా, లేత తేనె రంగులో ఉన్న చుక్కలు వరుసలుగా అంటుకుని ఉన్నాయి. ఈ పొద్దుటికి వాటిలో కొన్ని తెల్లబడ్డాయి. ఇవి కాక వెనుక అద్దం మీద పారదర్శకమైన జిగురు ముద్దలు రెండు ఉన్నాయి. వాటి లోపల కూడా చుక్కలే ఉన్నాయి. వీటిలో ఏవి చేప గుడ్లు, ఏవి కావు? తెల్లబడటం రోగమా? మందు వేయాలా, చేపలను వేరు చేయాలా? తొట్టిలో బోరు నీళ్లే పోస్తున్నాం. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పాలమూరు_అక్వా (సమాధానం):

నమస్కారం. మందు వేయకుండా ఆగి మంచి పని చేశారు, ఇకముందు కూడా వేయకండి. మీరు రాసిన లక్షణాలన్నీ ఏంజెల్ ఫిష్ జతకట్టి గుడ్లు పెట్టినప్పటివే.

ముందుగా ఆ తెల్లని మొన సంగతి. అది పురుగు కాదు, గుడ్లూ వీర్యమూ వెలువడే గొట్టం. గుడ్లు పెట్టడానికి ఒకటి రెండు రోజుల ముందు అది బయటికి కనిపించి, పని పూర్తయిన కొద్ది రోజులకు లోపలికి పోతుంది. ఆడచేపకు అది లావుగా, చివర మొద్దుగా ఉంటుంది. మగచేపకు సన్నగా, మొనదేలి ఉంటుంది. ఏంజెల్ ఫిష్‌లో ఆడామగా తేడాను ఒంటి రూపాన్ని బట్టి నమ్మకంగా చెప్పడం కష్టం కనుక, ఈ గొట్టం కనిపించే కొద్ది రోజులనే జాగ్రత్తగా గమనించి రెండింటికీ తేడా ఉన్నదో లేదో చూసుకోవాలి. పేగు పురుగు విషయంలో కనిపించేది పూర్తిగా వేరు: మలద్వారం నుంచి ఎర్రటి సన్నని పోగులు వేలాడతాయి, చేప చిక్కిపోతుంది, మేత మీద ఆసక్తి తగ్గుతుంది. మీ చేపలు తోటి చేపలను తరిమేంత చురుకుగా ఉన్నాయి కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు.

ఇక ఫిల్టర్ గొట్టాన్ని మూతితో పొడవడం గుడ్లు అంటించే చోటును శుభ్రం చేసుకోవడం. ఏంజెల్ ఫిష్ నిటారుగా ఉన్న చోటునే ఇష్టపడుతుంది. వెడల్పాటి ఆకు, నిలబెట్టిన పలక, ఫిల్టర్ గొట్టం, చివరికి తొట్టి అద్దమైనా సరే. గుడ్లు పెట్టేటప్పుడు చూడగలిగితే ఇక ఏ సందేహమూ మిగలదు. ఆడచేప పొట్టను గొట్టానికి దాదాపు ఆనించి, కింది నుంచి పైకి మెల్లగా జరుగుతూ ఒక వరుస గుడ్లు అంటించి పక్కకు తప్పుకుంటుంది. వెంటనే మగచేప అదే దారిలో జరుగుతూ ఆ వరుసను ఫలదీకరిస్తుంది. ఇలా గంట, ఒక్కోసారి అంతకు మించి సాగుతుంది. మీకు వరుసలుగా కనిపించడానికి కారణం ఇదే. పెద్దవయసు జత ఒకేసారి కొన్ని వందల గుడ్లు పెట్టగలదు.

మూతులు పట్టుకుని లాగుకోవడాన్ని జత కుదిరే సమయంలో బలం చూసుకోవడంగా భావించవచ్చు. అయితే రెండింటిలో ఒకటి ఎప్పుడూ మూలకు నక్కి, రెక్కలు చిరిగి, మేతకు కూడా రాకుండా ఉంటే అది పోట్లాట. అప్పుడు మాత్రం వేరు చేయాలి.

అద్దం మీది జిగురు ముద్దలు నత్తల గుడ్లు. చేప గుడ్లు దేనికదే విడిగా నేరుగా గొట్టానికి అంటుకుని ఉంటాయి. నత్త గుడ్లు అన్నీ కలిసి ఒకే పారదర్శక జిగురులో ఉంటాయి. గోటితో తాకితే ముద్ద మొత్తం మెత్తగా జారుతుంది. ఇక యాపిల్ నత్త అయితే నీటిమట్టానికి పైన, తొట్టి మూత దగ్గర గులాబీ రంగు గుత్తి పెడుతుంది. దాన్ని కూడా చాలామంది చేప గుడ్లనుకుంటారు. మీ మోలీలు గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లలను కంటాయి. సక్కర్ చేప మన ఇళ్ల తొట్లలో గుడ్లు పెట్టదు. కాబట్టి గొట్టం మీదివి ఏంజెల్ ఫిష్‌వే.

తెల్లబడినవి ఫలదీకరణ జరగనివి, లేదా చనిపోయినవి. ప్రతి విడతలోనూ కొన్ని అలా అవుతాయి. తల్లిదండ్రులే వాటిని ఏరి తినేస్తాయి. మంచి గుడ్డు తేనె రంగులోనే నిలిచి, రెండో రోజుకు లోపల చిన్న నల్ల చుక్క కనిపిస్తుంది. అయితే ఒకటి రెండు రోజుల్లోనే మొత్తం గుడ్లన్నీ తెల్లబడితే రెండు కారణాలు ముందుగా చూడాలి: రెండూ ఆడచేపలు కావడం, లేదా మగచేపకు ఇంకా వయసు రాకపోవడం. మగచేప లేకపోయినా రెండు ఆడచేపలు జతగా మెలగి, చోటు శుభ్రం చేసుకుని, వంతులవారీగా గుడ్లు పెట్టడం ఏంజెల్ ఫిష్‌లో మామూలే.

మిర్యాలగూడ_మీనం (సమాధానం):

పాలమూరు మిత్రులు చెప్పినదానికి నీటి సంగతి కలపదలచుకున్నాను, ఎందుకంటే మన జిల్లాలో గుడ్లు తెల్లబడటానికి నీరు కూడా పెద్ద కారణం.

నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరం చెప్పుకుంటాం. కానీ గుడ్ల విషయంలో మొదట పట్టించుకోవలసింది నీటి కాఠిన్యాన్ని, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలను. ఏంజెల్ ఫిష్ దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహకానికి చెందిన చేప. అక్కడి నీరు చాలా మెత్తన. మన దుకాణాల్లో దొరికేవి తరతరాలుగా తొట్లలో పెరిగినవి కాబట్టి కఠినమైన నీటిలో బతుకుతాయి, గుడ్లు కూడా పెడతాయి. అయితే నీరు మరీ కఠినమైతే ఫలదీకరణ తగ్గి, పిల్లలయ్యే గుడ్ల సంఖ్య పడిపోతుంది. మీ ఇంట్లో గీజరు కడ్డీ మీద, కుళాయి మూతి మీద తెల్లటి పొర గట్టిగా పేరుకుంటున్నట్టయితే మీ నీరు ఆ కోవకు చెందినదే.

తాగడానికి తెప్పించుకునే ఆర్ఓ నీటిని బోరు నీటిలో కలిపి వాడటం మనకు అందుబాటులో ఉన్న తేలిక మార్గం. ఒకేసారి మార్చకూడదు, వారం వారం మార్చే నీటిలో కొంత కొంతగా ఆర్ఓ నీటి వంతు పెంచుకుంటూ రావాలి. పూర్తిగా ఆర్ఓ నీరే పోస్తే లవణాలు లేక నీటి గుణం నిలకడగా ఉండదు. పైగా మీ తొట్టిలో మోలీలు ఉన్నాయి, వాటికి కఠినమైన నీరే హితం. అందువల్ల ఈ మార్పు పెద్ద తొట్టిలో కాకుండా, జతకోసం వేరుగా పెట్టుకునే చిన్న తొట్టిలో చేయడం మేలని నా అభిప్రాయం. టీడీఎస్ మీటరు నీటిలో కరిగినవన్నీ కలిపి చూపుతుంది, కాఠిన్యాన్ని విడిగా చూపదు. దానికి జీహెచ్ పరీక్ష ద్రావణం వేరే దొరుకుతుంది. మిషన్ భగీరథ నీళ్లు వాడేవారు క్లోరిన్ పోయేటట్టు చూసుకున్న తర్వాతనే తొట్టిలో పోయాలి.

తెల్లబడిన గుడ్ల మీద బూజు పట్టి పక్క గుడ్లకు పాకుతుంది. మెథిలీన్ బ్లూ వెంటనే వేయండి.

పాలమూరు_అక్వా (సమాధానం):

నీటి గురించి మీరు చెప్పినదంతా సరైనది. మెథిలీన్ బ్లూ విషయంలో మాత్రం నేను ఏకీభవించను. తల్లిదండ్రులు గుడ్ల దగ్గరే ఉండి రెక్కలతో నీటిని విసురుతూ, పాడైనవాటిని ఏరివేస్తున్నప్పుడు ఆ మందు అవసరం లేదు. పెద్ద తొట్టిలో వేస్తే ఫిల్టర్‌లోని మేలుచేసే బ్యాక్టీరియా దెబ్బతింటుంది, మొక్కలకూ హాని. గుడ్లున్న గొట్టాన్ని తీసి, అదే తొట్టి నీటితో నింపిన వేరే తొట్టిలో, తల్లిదండ్రులు లేకుండా పొదిగించేటప్పుడే దాని అవసరం వస్తుంది. అప్పుడు కూడా నీరు లేత నీలంగా మారేంత చాలు. గాలి రాయిని (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయిని) గుడ్లకు దగ్గరగా, బుడగలు నేరుగా తగలకుండా పెట్టాలి.

చేపలన్నీ గుడ్లు పెట్టి వదిలేస్తాయని చాలామంది అనుకుంటారు. మన చెరువుల్లో కొర్రమట్ట తన ఎర్రటి పిల్లల గుంపును విడవకుండా కాచుకోవడం చూసినవారికి ఆ అపోహ ఉండదు. ఏంజెల్ ఫిష్ కూడా అలా కాచుకునే జాతే. మొదటి విడతల్లో కంగారుపడి గుడ్లను తామే తినేసినా, అలవాటు పడేకొద్దీ చాలా జతలు నిలబెట్టుకుంటాయి. మీ తొట్టిలో అసలు ప్రమాదం సక్కర్ చేప. చీకటి పడ్డాక తల్లిదండ్రులకు కనిపించదు, సక్కర్ వచ్చి గుడ్లన్నీ నాకేస్తుంది. వీలైతే దాన్ని ఈ వారం వేరే తొట్టిలో ఉంచండి. వీలుకాకపోతే రాత్రంతా గదిలో చిన్న దీపం వెలుగుతూ ఉండనివ్వండి.

దేవరకొండ_గోల్డ్ (మరో ప్రశ్న):

సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా గోల్డ్ ఫిష్‌లలో ఒకదానికి మొప్పల మూతల మీద తెల్లని చుక్కలు వచ్చాయి. అది మరో చేప పొట్ట వెనుక పడి తరుముతూనే ఉన్నది. ఇది వైట్ స్పాట్ రోగమేనా? ఆ రెండో చేప పొట్ట కూడా ఉబ్బి ఉన్నది.

పాలమూరు_అక్వా (సమాధానం):

చుక్కలు ఎక్కడున్నాయో చూడండి. మొప్పల మూతల మీద, ఛాతీ రెక్క ముందు అంచు మీద మాత్రమే, ఇంచుమించు ఒకే పరిమాణంలో, గరుకుగా ఉంటే అవి మగ గోల్డ్ ఫిష్‌కు జతకట్టే కాలంలో వచ్చే బొడిపెలు. చలికాలం తగ్గి నీరు వెచ్చబడే రోజుల్లో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. వైట్ స్పాట్ అయితే చుక్కలు ఒళ్లంతా, తోక మీద, రెక్కల మీద చెదురుమదురుగా ఉంటాయి, రోజురోజుకూ పెరుగుతాయి, చేప ఒంటిని రాళ్లకు రుద్దుకుంటుంది. మీ చేప తరుముతున్నదంటే అది మొదటిదే కావచ్చు.

పొట్ట ఉబ్బిన చేపను పై నుంచి చూడండి. గుడ్లతో ఉన్న చేపకు ఒక పక్క కొంచెం ఎక్కువ నిండుగా ఉండవచ్చు గాని పొలుసులు ఒంటికి అంటుకునే ఉంటాయి. పొలుసులు లేచి నిలబడితే అది లోపల నీరు చేరిన రోగం, వెంటనే వేరు చేయాలి. గోల్డ్ ఫిష్ గుడ్లను కాచుకోదు. మొక్కల మీద చెల్లాచెదురుగా అంటించి, వెనక్కి తిరిగి తానే తింటుంది. అందుకని గుడ్లు అంటిన మొక్కలను వేరే పాత్రలోకి మార్చుకోవాలి.

వనపర్తి_ఫైటర్ (సమాధానం):

ఫైటర్ చేపలు పెంచేవారి కోసం ఒక మాట. మగ ఫైటర్ నీటిపైన నురుగు గూడు కట్టినంత మాత్రాన అందులో గుడ్లున్నట్టు కాదు. ఒంటరిగా ఉన్నా కడుతుంది. ఆడదాని ఒంటి మీద నిలువు చారలు తేలి, పొట్ట కింద తెల్లని చుక్క కనిపించినప్పుడే సిద్ధమైనట్టు. గుడ్లు పెట్టడం ముగియగానే ఆడదాన్ని తీసేయాలి, లేకపోతే మగది దాన్ని చంపేంత పని చేస్తుంది.

నల్లగొండ_ఏంజెల్:

అందరికీ కృతజ్ఞతలు. సక్కర్‌ను బకెట్‌లో వేరుగా ఉంచాం, గదిలో చిన్న బల్బు వెలిగిస్తున్నాం. తెల్లగా ఉన్నవి కొన్ని మాయమయ్యాయి; మిగిలినవాటిలో నల్ల చుక్కలు స్పష్టంగా ఉన్నాయి. ఈ రోజు గొట్టం మీద వాటి సన్నని తోకలు అల్లాడుతున్నాయి. కిందపడినవాటిని తల్లి నోటితో పట్టుకుని మళ్లీ గొట్టానికి అంటిస్తున్నది. చేపల పొట్ట కింది గొట్టాలు కూడా మళ్లీ చూశాం. ఒకటి లావుగా, ఒకటి సన్నగా ఉన్నది. ఇప్పుడు మేత ఏం వేయాలి?

పాలమూరు_అక్వా (సమాధానం):

చాలా సంతోషం. మీది నిజమైన జతే. ఇప్పుడేమీ వేయకండి, ఆ పిల్లలకు పొట్ట కింద పచ్చసొన సంచి ఉంటుంది, అదే ఆహారం. దాదాపు అయిదు రోజులకు గొట్టాన్ని వదిలి గుంపుగా ఈదడం మొదలుపెడతాయి. మేత అప్పటి నుంచి.

అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే రొయ్యలాంటి అతిచిన్న జీవి) పిల్లలు వీటికి అన్నిటికంటే మంచి మేత. లీటరు నీటికి సుమారు 25 గ్రాముల గళ్ల ఉప్పు కలిపి, ఆర్టీమియా గుడ్లు వేసి, గాలి పంపు ఆపకుండా నడిపిస్తే మన వేడికి ఒక రోజులో పొదుగుతాయి. కాబట్టి పిల్లలు ఈదడానికి ముందు రోజే మొదలుపెట్టండి. కరెంటు పోయినా నడిచే బ్యాటరీ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి. వడగట్టి, మంచినీటితో కడిగి, కొద్దికొద్దిగా రోజుకు మూడు నాలుగు సార్లు వేయాలి. తిన్న పిల్లల పొట్ట నారింజ రంగులో నిండుగా కనిపిస్తుంది. ఆ రంగు లేనివి ఎక్కువగా ఉంటే మేత చాలడం లేదని అర్థం. ఉడికించిన కోడిగుడ్డు సొన కొందరు వేస్తారు గాని, అది నీటిని త్వరగా పాడుచేస్తుంది, నేను సలహా ఇవ్వను. ఫిల్టర్ నీరు పీల్చే చోట స్పాంజి ముక్క తొడగండి, లేదంటే పిల్లలు లోపలికి పోతాయి. అడుగున మిగిలిన మేతను సన్నని గాలి గొట్టంతో రోజూ లాగేసి, అంతే నీరు, అదే వెచ్చదనంలో, మెల్లగా పోయండి.