ఇబిజాకి అమ్మానాన్నలను తీసుకెళ్ళొచ్చా?

ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చుక:
అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు ఆగస్టులో టెక్కలి నుంచి మా దగ్గరికి వస్తున్నారు. మూడు నెలల వీసా వచ్చింది. సెప్టెంబరు చివరి వారం అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దామంటే, డబ్లిన్‌లో ఉండే తమ్ముడు ఇబిజా అని పట్టుబట్టాడు. తెల్లవార్లూ నడిచే డాన్సు క్లబ్బులకు పేరుపడ్డ స్పెయిన్ దీవి అది. అమ్మకు సముద్రమంటే ప్రాణం. నాకూ ఎప్పటి నుంచో చూడాలని ఉంది. నేను, మా ఆయన, నాలుగేళ్ళ బాబు, అమ్మ, నాన్న, తమ్ముడు, మొత్తం ఆరుగురం. ఏడు రాత్రులు. ప్లాయా దెన్ బోసాలో హోటల్ చూశాం. ఎయిర్‌పోర్టుకు దగ్గర, బీచ్ పొడుగ్గా ఉంది, ఉషువాయా, హై క్లబ్బులు రెండూ నడిచి వెళ్ళేంత దూరం. ఇక్కడ తెలిసినవాళ్ళకు చెబితే "పెద్దవాళ్ళను పట్టుకుని ఇబిజాకా?" అంటున్నారు. వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

కృష్ణలంక:
వద్దమ్మా. సముద్రమే కావాలంటే యూరప్‌లో బోలెడన్ని చోట్లున్నాయి. 2019 జులైలో నేను మా అమ్మానాన్నలతో వెళ్ళాను కాబట్టి చెబుతున్నాను. ఆ దీవిలోని సాన్ ఆంటోనియో ఊళ్ళో, వెస్ట్ ఎండ్ అంటారే, ఆ బార్ల వీధుల వెనక ఫ్లాటు. చవగ్గా వచ్చిందని తీసుకున్నాం. సాయంత్రం కేఫ్ దెల్ మార్ దగ్గర రాళ్ళ మీద కూర్చుని సూర్యాస్తమయం చూసినంతసేపూ బాగానే ఉంది. చీకటి పడ్డాక మొదలైంది. ప్రతి బార్ ముందూ ఒకడు నిలబడి, ఒక గ్లాసు కొంటే ఇంకోటి ఫ్రీ అని చెయ్యి పట్టుకుని లాగడం. పై ఫ్లాటులో పాటలు ఆగలేదు. నాన్న రాత్రంతా మంచం మీద కూర్చునే ఉన్నారు. తెల్లారుజామున ఐదింటికి అమ్మ కిందికి దిగుతుంటే మెట్ల మీద ఎవడో కక్కి ఉన్నాడు. ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది. కింద నిలబడి చూశాను నేను. ఆరేళ్ళు దాటినా కళ్ళ ముందు నుంచి పోలేదు. మీ అమ్మగారికి ఆ గతి పట్టించకండి.

నీలిసంద్రం:
కృష్ణలంక గారూ, మీరు చెప్పింది సాన్ ఆంటోనియోలో నాలుగు వీధుల సంగతి. దీవి 571 చదరపు కిలోమీటర్లు. నేను బార్సిలోనాలో ఉంటాను, మూడుసార్లు వెళ్ళాను, రెండోసారి మా అత్తగారితోనే వెళ్ళాను. మీరు వెళ్ళిన కొన్నాళ్ళకే, 2020 జనవరిలో, అక్కడి ప్రభుత్వం ఆ ఒకటి కొంటే ఒకటి ఫ్రీ ఆఫర్లను, గుంపుగా ఒక బార్ నుంచి ఇంకో బార్‌కు తిప్పే టూర్లను నిషేధించింది. 2024లో ఇంకా గట్టి చేశారు. ఆ బార్ల వీధుల్లాంటి చోట్ల రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున ఎనిమిది దాకా షాపుల్లో మందు అమ్మకూడదు. వీధిలో తాగితే 500 నుంచి 1500 యూరోల దాకా జరిమానా.

పిచ్చుక గారూ, బస మాత్రం ప్లాయా దెన్ బోసాలో వద్దు. అదే దీవిలో సాంతా యులారియా అనే ఊళ్ళో తీసుకోండి. సముద్రం పక్కనే నడవడానికి చక్కటి దారి, ఎక్కువగా కుటుంబాలే కనిపిస్తాయి. బుధవారం ఎస్ కనార్‌లో, శనివారం లాస్ దాలియాస్‌లో హిప్పీల సంత ఉంటుంది, రెండూ అటువైపే. ఒక పూట దాల్ట్ విలాకు తీసుకెళ్ళండి. పదహారో శతాబ్దపు కోటగోడల లోపలి పాత ఊరు అది, 1999లో యునెస్కో జాబితాలో చేర్చారు. పైదాకా ఎక్కితే ఫోర్మెంతేరా దీవి కనిపిస్తుంది. రాళ్ళు పరిచిన ఏటవాలు దారులు కాబట్టి పెద్దవాళ్ళకు మంచి బూట్లు ఉండాలి. ఇంకో రోజు ఓడెక్కి ఫోర్మెంతేరాకే వెళ్ళిరండి, అరగంట ప్రయాణం. అక్కడి నీళ్ళు అంత తేటగా ఉండటానికి అడుగున పెరిగే పొసిడోనియా గడ్డి కారణం. ఒడ్డున గోధుమరంగు ఆకులు కుప్పలుగా కనిపిస్తే చెత్త అనుకోకండి, అదే.

డబ్లిన్ దారి:
పిచ్చుకక్కా, మీ తమ్ముడికి ఇండియన్ పాస్‌పోర్టేనా? అయితే ఐర్లాండ్ రెసిడెన్స్ కార్డు ఉన్నా షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి, ఐర్లాండ్ అందులో లేదు. అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద టెన్షన్. ఈ రోజే చూడమనండి.

కృష్ణలంక:
నీలిసంద్రం గారూ, చట్టం కాగితం మీద ఉంటుంది. పాటల చప్పుడు చట్టాన్ని చదవదు. ఆవిడ చూసిన హోటల్ ఉన్నచోట ఉషువాయా ఆరుబయట క్లబ్బు, మధ్యాహ్నం నుంచే మొదలవుతుంది. పైన విమానాలు. వెళ్ళేది సెప్టెంబరు చివర, అంటే క్లబ్బులు సీజన్ ముగింపు పార్టీలు మొదలుపెట్టే రోజులు. నాలుగేళ్ళ పిల్లాడు మధ్యాహ్నం ఎట్లా పడుకుంటాడు?

ఓరుగల్లు వాకిలి:
బస సంగతి పక్కనపెట్టి ఖర్చు చూడండి. నేను మొన్న జూన్‌లో దోస్తులతో వెళ్ళిన. క్లబ్బు టికెట్టు 70 యూరోలు, లోపల నీళ్ళ సీసా 12 యూరోలు. మంచినీళ్ళకు పన్నెండు! మన లెక్కలో వెయ్యి దాటింది. ఆరుగురు ఏడు రాత్రులంటే అక్కా, ఆలోచించుకోండి.

నీలిసంద్రం:
ఆరుగురూ క్లబ్బుకు వెళ్ళరు కదా. యూరోల్లో జీతం తీసుకుంటూ రూపాయల్లో గుణించుకుంటే ఎక్కడికీ వెళ్ళలేం.

ఓరుగల్లు వాకిలి:
మా ఇంటికి నెలనెలా రూపాయలే పంపాలె, అందుకే గుణిస్తా. బయట సూపర్‌మార్కెట్‌లో ఒక యూరోకు వచ్చే నీళ్ళే అవి. లోపలికి మన సీసా తీసుకుపోనియ్యరు. ఇది దోపిడీ కాదంటారా?

మామిడి తాండ్ర:
కృష్ణలంక గారూ, ఒక్క మాట అడుగుతాను. ఐదింటికి అమ్మగారు ఎందుకు దిగారు?

నీలిసంద్రం:
వాకిలి గారూ, నీళ్ళ సీసా దగ్గరే ఆగిపోతున్నారు. దీవిలో కుళాయి నీళ్ళు ఎలాగూ తాగడానికి బాగుండవు, షాపులో పెద్ద క్యాన్లు కొని హోటల్‌లో పెట్టుకుంటే సరిపోతుంది. అసలు చూసుకోవాల్సింది కారు. 2025 నుంచి జూన్ మొదలు సెప్టెంబరు దాకా దీవిలో కార్లకు పరిమితి పెట్టారు, అద్దె కార్లక్కూడా. పెద్దవాళ్ళు, పిల్లాడు ఉన్నారంటే ముందే బుక్ చేసుకోండి. సముద్రంలోంచి లేచిన ఎస్ వెద్రా బండరాయి ఎదురుగా కొండ మీద సాయంత్రం కూర్చోవాలంటే బస్సులతో కష్టం.

గరిట పట్టినోడు:
నేను 2023 వేసవిలో ఆ దీవిలో ఒక హోటల్ వంటగదిలో పనిచేశాను. గదికి నలుగురం. నాతో గిన్నెలు కడిగే అబ్బాయి సీజనంతా పాత వ్యానులో పడుకున్నాడు. పొద్దున డ్యూటీకి వచ్చి మా బాత్రూమ్‌లో స్నానం చేసేవాడు. అద్దెలు కట్టలేక నర్సులు, టీచర్లు దీవిలో ఉద్యోగాలే వదులుకుంటున్నారు. 2024 మేలో అక్కడివాళ్ళు వీధుల్లోకి వచ్చి నిరసన చేశారు. అదే ఏడాది జులైలో కాన్ రోవా అనే చోట గుడారాల్లో, వ్యాన్లలో బతికే కూలీలను ఖాళీ చేయించారు. వెళ్ళొద్దని అనను, నాకు జీతం వచ్చింది మీలాంటివాళ్ళ వల్లే. పర్యాటకులకు అద్దెకిచ్చే లైసెన్సు నంబరు లేని ఫ్లాటు మాత్రం తీసుకోకండి. హోటల్‌లోనే దిగండి. రాత్రికి తలా కొన్ని యూరోలు పర్యాటక పన్ను అడుగుతారు, పదహారేళ్ళ లోపు పిల్లలకు ఉండదు.

ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చుక:
అందరికీ చాలా థ్యాంక్స్. తమ్ముడికి వీసా సంగతి నిజంగానే తెలియదు, ఇప్పుడే ఫోన్ చేశాను. సాంతా యులారియా బాగుంది కానీ అక్కడి నుంచి రాత్రి క్లబ్బులకు వెళ్ళి రావడం ఎలా? డిస్కో బస్సు ఉంటుందా? రెండు రాత్రులు అనుకుంటున్నాం, నేను, మా ఆయన, తమ్ముడు. బాబును అమ్మ చూసుకుంటుంది కాబట్టి ఆ బెంగ లేదు.

కృష్ణలంక:
అదీ సంగతి. అమ్మకు సముద్రమంటే ప్రాణమని మొదలుపెట్టి, చివరికి అమ్మ హోటల్ గదిలో పిల్లాడికి కాపలా. టెక్కలి నుంచి అంత దూరం ఆమెను రప్పించేది ఇందుకా? ఆయా కావాలంటే ఆయాను పెట్టుకోండి. పెళ్ళయి పిల్లాడున్న ఇల్లాలికి తెల్లారేదాకా క్లబ్బులెందుకో నాకు అర్థం కాదు.

నీలిసంద్రం:
ఆ ఆఖరి వాక్యం వెనక్కి తీసుకోండి. ఆవిడ భర్త కూడా వెళ్తున్నారు, తమ్ముడూ వెళ్తున్నాడు. వాళ్ళను ఒక్క మాట అన్నారా? ఇల్లాలే దొరికిందా మీకు?

ఓరుగల్లు వాకిలి:
అన్నా, ఇది జర ఎక్కువైంది.

ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చుక:
కృష్ణలంక గారూ, నాకు 34 ఏళ్ళు. బాబు పుట్టాక ఈ నాలుగేళ్ళలో రాత్రి తొమ్మిది దాటాక బయట ఉన్నది ఆసుపత్రిలోనే, రెండుసార్లు. ఉద్యోగం, డేకేర్, వంట, మళ్ళీ పొద్దున. ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు కాలేజీ ఫంక్షన్‌లో స్టేజీ మీద డాన్సు చేసిన పిల్లని నేను. ఏడు రోజుల్లో రెండు రాత్రులు అడిగాను. ఐదు రోజులు అమ్మ చెయ్యి పట్టుకుని తిప్పుతాను. అది మీకు కనపడలేదు. మా అమ్మ గురించి నాకంటే మీకు ఎక్కువ తెలుసా?

మామిడి తాండ్ర:
కృష్ణలంక గారూ, నేనడిగిన దానికి మీరింకా జవాబు చెప్పలేదు. ఐదింటికి అమ్మగారు ఎందుకు దిగారు? మీరు కింద ఎందుకున్నారు?

కృష్ణలంక:
సరే, చెబుతాను.

ఆ రాత్రి నేనూ మా ఆవిడా క్లబ్బుకు వెళ్ళాం. పాపకు రెండేళ్ళు. అమ్మకు అప్పజెప్పి వెళ్ళాం. ఒంటిగంటకు పాపకు జ్వరం వచ్చింది. అమ్మ నాకు పదకొండుసార్లు ఫోన్ చేసింది. ఆ చప్పుడులో నాకు వినపడలేదు. అమ్మకు ఇంగ్లీషు రాదు, స్పానిష్ సంగతి చెప్పక్కర్లేదు. ఎవరిని పిలవాలో తెలియదు, ఏ నంబరుకు చెయ్యాలో తెలియదు. నాన్న పాపను ఒళ్ళో వేసుకుని కూర్చుంటే, అమ్మ తడిగుడ్డ మారుస్తూ ఐదింటిదాకా చూసి, ఇక ఆగలేక మమ్మల్ని వెతకడానికి కిందికి దిగింది. నేను అప్పుడే వచ్చి మెట్ల కింద నిలబడ్డాను. నన్ను చూసి ఏమీ అనలేదు. "పాపకు ఒళ్ళు కాలుతోందిరా" అని మాత్రం అంది.

పాపకు మర్నాటికి తగ్గిపోయింది. అమ్మ 2021లో పోయింది. అంతకుముందు మా పాప పురిటికి వచ్చి ఆరు నెలలున్నప్పుడు కూడా అమ్మ చూసింది మా వంటిల్లూ, మా వీధి చివర పార్కూ. అమ్మను సరదాగా తీసుకెళ్ళిన ఒకే ఒక్క చోటు ఇబిజా.

ఇల్లాలు అన్న మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాదానికి మాత్రం కట్టుబడే ఉన్నాను. పిల్లాణ్ణి చూసుకుంటారా అని అమ్మలను మనం అడగం. చూసుకుంటారని అనేసుకుంటాం.

ఓరుగల్లు వాకిలి:
అన్నా, పాపం అమ్మ.

నీలిసంద్రం:
ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదు. అయినా ఒకటి అంటాను, ఏమీ అనుకోకండి. ఆ రాత్రి తప్పు దీవిది కాదు. అమ్మగారికి ఒక నంబరు రాసి ఇవ్వకపోవడం, సాయం అడగడానికి రిసెప్షన్ కూడా లేని ఫ్లాటులో దింపడం. స్పెయిన్‌లో దేనికైనా 112 చెయ్యాలి, అది కాగితం మీద పెద్ద అంకెల్లో రాసి గోడకు అంటించాలి. మా అత్తగారితో వెళ్ళినప్పుడు హోటల్ పేరు, గది నంబరు తెలుగులోనూ స్పానిష్‌లోనూ రాసి ఆవిడ పర్సులో పెట్టాను.

కృష్ణలంక:
కాగితం రాసిచ్చినంత మాత్రాన అడిగినట్టు కాదు. ఇక్కడే మీరూ నేనూ కలవం.

ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చుక:
రెండు రోజులు నేను ఇటువైపు రాలేదు. కోపం వచ్చింది, నిజమే. కృష్ణలంక గారూ, చదివి చాలాసేపు కూర్చున్నాను.

నిన్న అమ్మకు వీడియో కాల్ చేసి అడిగాను. రెండు రాత్రులు మేం బయటికి వెళ్తాం, బాబు దగ్గర ఉంటావా అని. "ఇన్నాళ్ళకి అడిగినావేటి" అని నవ్వింది. తర్వాత, "ఒక రాత్రి ఉంటాను. రెండో రాత్రి మీ నాన్నా నేనూ ఆ ఓడల రేవు దగ్గర నడుస్తాం, దీపాలు బాగుంటాయట కదా" అంది. ఆ దీపాల సంగతి ఎక్కడ చూసిందో! మేం మాట్లాడుకున్నప్పటి నుంచి ఫోనులో ఇబిజా వీడియోలు చూస్తోందట, నాకు చెప్పలేదు.

అందుకని ఇలా మార్చాం. సాంతా యులారియాలో రిసెప్షన్ రాత్రంతా ఉండే హోటల్, పక్కపక్క గదులు. మొదటి రాత్రి తమ్ముడూ నేనూ వెళ్తాం, మా ఆయన హోటల్‌లోనే ఉంటాడు. తమ్ముడికి వీసా రాకపోతే ఏం చెయ్యాలో తెలియదు. అప్పుడు ఆ ఒక్క రాత్రీ మా ఆయనా నేనూ వెళ్తాం, రెండు గంటలకల్లా వచ్చేస్తాం.

ఇంకొకటి. ఆ వీడియోల్లో అమ్మ ఉప్పు మళ్ళు చూసిందట. మా తాతగారు నౌపడ ఉప్పు మళ్ళల్లో పనిచేసేవారు. అమ్మ చిన్నప్పుడు ఆయనకు అన్నం క్యారియరు పట్టుకుని ఆ గట్ల మీద నడిచేది. అవి చూపిస్తావా అని అడిగింది. మేం వెళ్ళే వారంలో ఉప్పు తీస్తుంటారా?

నీలిసంద్రం:
ఆ ఉప్పు మళ్ళ పేరు సెస్ సలీనెస్. ప్రాచీన సముద్ర వర్తకులైన ఫినీషియన్ల కాలం నుంచి అక్కడ ఉప్పు తీస్తున్నారు, ఇప్పటికీ ఓడల్లో బయటికి పంపుతారు. ఎండాకాలం చివర్లోనే తీస్తారు కాబట్టి సెప్టెంబరు చివర మంచి సమయం. లా కనాల్ అనే చోట తీసిన ఉప్పంతా తెల్లటి గుట్టగా పోస్తారు, దూరం నుంచే కనిపిస్తుంది. మళ్ళల్లో ఫ్లెమింగోలు కూడా వాలతాయి.

కృష్ణలంక:
మధ్యాహ్నం వద్దు, నీడ ఉండదు. పొద్దున్నే తీసుకెళ్ళండి. మీ అమ్మగారికి టోపీ కొనండి.