యేసు ప్రభువుకి తోడబుట్టినవాళ్ళు ఉన్నారా? మా ఇంట్లో ఆదివారం అన్నాలు చల్లారిపోయాయి

పట్టాభిపురం_కోడలు:
నేను పుట్టింది ఫిరంగిపురంలో, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) ఇంట్లో. మెట్టింది గుంటూరులో, లూథరన్ ఇంట్లో. పన్నెండేళ్ళ కాపురంలో రాని గొడవ పోయిన ఆదివారం వచ్చింది. మా పాప సండే స్కూల్ నుంచి వచ్చి, "యేసయ్యకి నలుగురు తమ్ముళ్ళంట. యాకోబు, యోసే, యూదా, సీమోను. చెల్లెళ్ళు కూడా ఉన్నారంట" అని ఒప్పజెప్పింది. మా అమ్మ ఆ రోజు మా ఇంట్లోనే ఉంది. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, "ఎవరే నీకు చెప్పింది? మరియ తల్లి నిత్యకన్య. ఆమెకి ఒక్కడే కొడుకు" అంది. అత్తయ్య గారు లేచి చెయ్యి కడుక్కుని, బైబిలు తెచ్చి, మార్కు 6:3 తీసి పైకి చదివారు. నజరేతు వాళ్ళు యేసుని చూసి, ఇతను మరియ కొడుకే కదా, ఆ నలుగురి సహోదరుడే కదా, ఇతని సోదరీమణులు మనతోనే ఉన్నారు కదా అని చెప్పుకునే చోటు. అమ్మ, "ఆ సహోదరులు మీరనుకునే సహోదరులు కాదు వదిన గారూ" అంది. మా ఆయన పప్పుచారు పోసుకుంటూ నా వంక చూశారు. నేను చూడలేదు.

ఇద్దరూ మంచివాళ్ళే. ఫిబ్రవరిలో గుణదల మరియమాత తిరునాళ్ళకి కలిసే వెళ్ళారు, అత్తయ్య గారు కొవ్వొత్తి కూడా వెలిగించారు. కానీ ఆ రోజు నుంచి ఫోన్లు లేవు. పాపకి ఏం చెప్పాలో తెలిసినవాళ్ళు చెప్పండి. తిట్టుకోకండి, ప్లీజ్.

బ్రాడీపేట_బ్రదర్:
సిస్టర్, ఇందులో తేల్చడానికి ఏముంది? వాక్యం ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు. మత్తయి 1:25లో మరియ భర్త యోసేపు గురించి ఉంది, "ఆమె కుమారుని కను వరకు ఆమెను ఎరుగకుండెను". ఆ 'వరకు' దాటాక మామూలు సంసారం అనేగా? లూకా 2:7లో 'తొలిచూలు కుమారుని' అని ఉంది. తొలి అన్నారంటే మలి ఉన్నట్టేగా? గలతీ 1:19లో పౌలు యాకోబుని ప్రభువు సహోదరుడు అన్నాడు. ఆయన సహోదరులే ఆయన్ని నమ్మలేదని యోహాను 7:5లో ఉంది. ఇన్ని చోట్ల ఉన్నదాన్ని కాదనాలంటే వాక్యం మీద సంప్రదాయాన్ని ఎక్కించాలి.

గుణదల_కొండకింద:
అన్నా, 'వరకు' ఒక్కటి పట్టుకుంటే బోల్తా పడతారు. రెండో సమూయేలు 6:23 తియ్యండి. సౌలు కూతురు మీకాలు చనిపోయే వరకు పిల్లల్ని కనలేదని ఉంటుంది. అంటే చనిపోయాక కన్నదా? ఇక తొలిచూలు. మన ఇళ్ళల్లో మొదటి కాన్పు కాగానే తొలిచూలు అంటామా, రెండోది పుట్టేదాకా ఆగి అంటామా? యూదులకి తల్లి కడుపున మొదట పుట్టిన మగబిడ్డ దేవుడి సొత్తు, వాడి తర్వాత ఎవరూ పుట్టకపోయినా సరే. ఈజిప్టులో ఒక యూదు స్త్రీ సమాధి రాయి దొరికింది, క్రీ.పూ. 5వ సంవత్సరం నాటిది. తొలిచూలు బిడ్డని కంటూ కాన్పు నొప్పుల్లో పోయానని ఆమె చెబుతున్నట్టు చెక్కారు. ఆ తల్లికి మలిచూలు ఎక్కడిది?

ఒక మాట అడుగుతాను. మీ పిన్ని కొడుకుని మీరేమని పిలుస్తారు? చిన్నాన్న కొడుకుని? తమ్ముడూ అనేగా. హీబ్రూ వాళ్ళదీ అదే దారి. లోతు అబ్రాముకి సోదరుడి కొడుకు, అయినా ఆదికాండం 14లో హీబ్రూ మూలంలో అతన్ని సహోదరుడనే రాశారు.

బ్రాడీపేట_బ్రదర్:
మన వరసలు తీసుకెళ్ళి నజరేతులో దింపకండి. కొత్త నిబంధన రాసింది గ్రీకులో. గ్రీకులో అన్నదమ్ముడికి అడెల్ఫోస్, పినతండ్రి పినతల్లి బిడ్డలకి అనెప్సియోస్ అని వేరే మాట ఉంది. కొలస్సీ 4:10లో మార్కుని బర్నబాకు అనెప్సియోస్ అన్నారు, మన బైబిల్లో 'సమీపజ్ఞాతి'. పౌలుకి ఆ మాట తెలుసు. తెలిసీ యాకోబు దగ్గర అడెల్ఫోస్ అనే రాశాడు. దీనికి చెప్పండి.

గుణదల_కొండకింద:
మీరు దీనికి చెప్పండి. సిలువ మీద నుంచి ప్రభువు తల్లిని శిష్యుడికి అప్పగించాడు. కన్న కొడుకులు నలుగురుండగా తల్లిని బయటివాడి చేతిలో పెడితే మన ఊళ్ళో అయితే పెద్దమనుషుల దాకా పోతుంది.

బ్రాడీపేట_బ్రదర్:
వాళ్ళు అప్పటికి నమ్మలేదు. నమ్మినవాడికి అప్పగించాడు. అంతే.

గుణదల_కొండకింద:
కొన్ని వారాలు తిరక్కుండానే అపొస్తలుల కార్యములు 1:14లో వాళ్ళు తల్లి పక్కనే కూర్చుని ప్రార్థన చేస్తున్నారు. ఆ కొన్ని వారాలకేనా అంత ఏర్పాటు?

మాచవరం_డౌన్:
ఇదంతా 1854లో పోప్ ప్రకటించిందే కదా, అంతకు ముందు ఎవరికీ తెలియదు.

గుణదల_కొండకింద:
కాదు తమ్ముడూ. 1854లో తొమ్మిదో పయస్ ప్రకటించింది మరియమ్మ తన తల్లి కడుపులో పడ్డప్పుడే జన్మపాపం అంటలేదన్న సంగతి. ఆ లెక్క వేరు. ఈ 'నిత్యకన్య' మాట 553లో కాన్‌స్టాంటినోపుల్ క్రైస్తవ మహాసభ పత్రాల్లోనే ఉంది.

కృష్ణలంక_నర్సమ్మ:
మా కింద వాటాలో కేరళ ఆర్థడాక్స్ కుటుంబం ఉంటుంది. మీ గొడవ ఆ ఆంటీకి చెప్తే నవ్వింది. "తమ్ముళ్ళని మీకు ఎవరు చెప్పారు? వాళ్ళు అన్నలు" అంది. యోసేపు గారు మరియమ్మని తీసుకొచ్చేనాటికే ముసలాయన, మొదటి భార్య పోయింది, ఆమె పిల్లలే వీళ్ళు అని వాళ్ళ పెద్దలు చెప్పే మాట. నాకు ఇది బాగానే అతికినట్టు అనిపించింది. యోహాను 7లో వాళ్ళు యేసుతో మాట్లాడే తీరు చూడండి: ఇక్కడెందుకు, యూదయకి పో, నీ పనులు లోకానికి చూపించుకో అంటారు. మార్కు 3లో ఇంటివాళ్ళు ఆయనకి మతి చలించిందని పట్టుకుపోవడానికి వస్తారు. మా ఇంట్లో పెద్దన్నయ్యతో తమ్ముళ్ళు అలా మాట్లాడితే చెంప పగిలేది. అన్నలైతే మాట్లాడతారు.

తెనాలి_మాష్టారు:
చాలాసేపటి నుంచి చూస్తున్నాను. నేను సీఎస్‌ఐ సంఘం వాణ్ని, చరిత్ర చెప్పి రిటైరయ్యాను, కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓర్చుకోండి.

కృష్ణలంక అమ్మాయి చెప్పిందే ఈ మూడు వాదాల్లో ముందుగా కథ రూపంలో దొరుకుతుంది. రెండో శతాబ్దంలో యాకోబు పేరుతో వచ్చిన ఒక సువార్తలో యోసేపు ముసలివాడు, కొడుకులున్నవాడు. అది బైబిల్లో చేరని పుస్తకం. నాలుగో శతాబ్దంలో సైప్రస్ బిషప్ ఎపిఫానియస్ దాన్నే గట్టిగా నిలబెట్టాడు. ఇంచుమించు అదే కాలంలో, 380 ప్రాంతంలో, రోములో హెల్విడియస్ అనే ఆయన బ్రాడీపేట బ్రదర్ గారు చెప్పినవే చెప్పాడు: వరకు, తొలిచూలు, సహోదరులు. 383 ప్రాంతంలో క్రైస్తవ పండితుడు జెరోమ్ ఆయన మీద విరుచుకుపడి ఒక చిన్న పుస్తకం రాశాడు. వాళ్ళు పినతల్లి బిడ్డలు అన్నది ఆ పుస్తకంలోదే. అంటే మీ ఇంట్లో అన్నం దగ్గర జరిగింది పదహారు వందల ఏళ్ళ నాటి తగువమ్మా.

జెరోమ్ పట్టుకున్న తీగ ఇది. సిలువ దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళలో 'చిన్న యాకోబుకీ యోసేకీ తల్లి మరియ' ఒకామె ఉంది, మార్కు 15:40. నజరేతు వాళ్ళు చెప్పిన నలుగురిలో మొదటి రెండు పేర్లూ అవే. యోహాను 19:25లో యేసు తల్లి సహోదరి, క్లోపా భార్య మరియ అని వస్తుంది. ఈ ఇద్దరూ ఒకరే అనుకుంటే ఆ పిల్లలు యేసుకి పిన్ని కొడుకులు. ఒక చిక్కుంది. అక్కకీ చెల్లికీ ఇద్దరికీ మరియ అనే పేరు పెడతారా? ఇక్కడ మాత్రం మన వరస కొంచెం పనికొస్తుంది. రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత హెగెసిప్పస్ మాటల్ని చర్చి చరిత్రకారుడు యూసెబియస్ భద్రం చేశాడు, దాని ప్రకారం క్లోపా యోసేపుకి సొంత తమ్ముడో అన్నో. అప్పుడు ఇద్దరు మరియమ్మలూ తోడికోడళ్ళు. మన తోడికోడళ్ళు ఒకర్నొకరు ఏమని పిలుచుకుంటారు? అక్కా, చెల్లీ అనే.

అలాగని గుణదల బాబు గెలిచాడనుకోవద్దు. అనెప్సియోస్ దెబ్బ గట్టి దెబ్బే. యూదు చరిత్రకారుడు జోసెఫస్ క్రైస్తవుడు కాడు, మరియమ్మ కన్యత్వం మీద ఆయనకి ఏ పట్టింపూ లేదు. 62లో యాకోబుని రాళ్ళతో కొట్టించిన సంగతి రాస్తూ ఆయనా 'క్రీస్తు అనబడిన యేసు సహోదరుడు' అనే అన్నాడు. పైగా హెగెసిప్పస్ యాకోబుని ప్రభువు సహోదరుడనీ, క్లోపా కొడుకు సిమియోనుని పినతండ్రి బిడ్డ అనీ విడదీసి చెప్పాడు. ఏ మొహమాటం లేకుండా చదివితే ఒక తల్లి పిల్లలనే అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ మాటే తీర్పు చెప్పదు. సహోదరుడంటే సహ, ఉదర, ఒకే కడుపున పుట్టినవాడు. అడెల్ఫోస్‌కీ అక్షరాలా అదే అర్థం, డెల్ఫిస్ అంటే గర్భం. అయినా మన గుళ్ళో అందరం సహోదరులమే. బ్రాడీపేట బ్రదర్ గారు నాకు ఏ కడుపున తోడబుట్టారు?

ఇప్పుడు లూథరన్ అత్తయ్య గారికి ఒక కబురు. మీ సంఘానికి మూలపురుషుడైన లూథర్ చివరిదాకా మరియమ్మ నిత్యకన్య అనే నమ్మాడు. 1537 నాటి స్మాల్కాల్డ్ వ్యాసాలు లూథరన్ విశ్వాస పత్రాల్లో ఒకటి, దాని లాటిన్ పాఠంలో 'సెంపర్ విర్గినే', అంటే నిత్యకన్య అనే ఉంది. జర్మన్ పాఠంలో 'నిత్య' లేదు. స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీదీ అదే నమ్మకం. మెథడిస్టుల వెస్లీ కూడా అంతే.

బ్రాడీపేట_బ్రదర్:
మాష్టారూ, మేం లూథర్‌ని బట్టి నడిచేవాళ్ళం కాదు, ఆయన పొరపడి ఉండొచ్చు. నా బాధ వేరే. భార్యాభర్తల కాపురం ఏదో మచ్చ అన్నట్టు ఎందుకు మాట్లాడాలి? వివాహం ఘనమైనదని హెబ్రీ 13:4లో ఉంది.

తెనాలి_మాష్టారు:
ఇది అసలు ముడి. హెల్విడియస్‌కీ జెరోమ్‌కీ పోట్లాట తమ్ముళ్ళ కోసమే కాదు. పెళ్ళాడి పిల్లల్ని కన్న ఆడదీ కన్యగా ఉన్న ఆడదీ దేవుడి ముందు సమానమా అన్నది హెల్విడియస్ ప్రశ్న. కన్యత్వమే ఒక మెట్టు పైన అన్నాడు జెరోమ్. మీరు ఎటు మొగ్గినా ఆ ప్రశ్నకి కూడా జవాబు చెప్పాలి.

గుణదల_కొండకింద:
మా అమ్మ ఏడుగుర్ని కన్నది మాష్టారూ, రోజూ జపమాల చెప్పేది. తనని ఎవరూ తక్కువ చేశారని ఎప్పుడూ అనుకోలేదు. దేవుడు ఉన్న గర్భం కాబట్టి వేరుగా చూస్తాం, అంతే.

పట్టాభిపురం_కోడలు:
అందరికీ వందనాలు. మాష్టారి పోస్టు అత్తయ్య గారికి చదివి వినిపించాను. లూథర్ దగ్గరికి వచ్చేసరికి, "మళ్ళీ చదువు" అన్నారు. మళ్ళీ చదివాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "లూథర్ సంగతి సరే, నేను నలుగుర్ని కన్నాను, మరి నన్నేమంటాడు ఆ జెరోము?" అన్నారు. సాయంత్రం ఆవిడే ఫిరంగిపురం ఫోన్ చేశారు. తోడికోడళ్ళ సంగతి దగ్గర ఇద్దరూ నవ్వుకోవడం వినబడింది. అటు తర్వాత తలుపు వేసుకున్నారు.

పాపకి మూడూ చెప్పాను, అమ్మమ్మ మాట, నాయనమ్మ మాట, కేరళ ఆంటీ మాట. అంతా విని, "నలుగురు అబ్బాయిల పేర్లూ రాశారు కదా, అమ్మాయిల పేర్లేవి?" అంది. మాష్టారూ, దీనికి మీరే దిక్కు.

తెనాలి_మాష్టారు:
సువార్తల్లో లేవమ్మా. రాయలేదు. ఎపిఫానియస్ మాత్రం రెండు పేర్లు ఇస్తాడు, సలోమి, మరియ.

పట్టాభిపురం_కోడలు:
మళ్ళీ ఇంకో మరియమ్మా!