శబరి నదిలో కలప, వెదురు తెప్పల గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

కూనవరం దగ్గర గోదావరిలో కలిసే శబరి మీద సమాచారం సేకరిస్తున్నాను. ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో పుట్టి అక్కడ కొలాబ్ అనిపించుకుంటుంది. జయపురం దగ్గర ఎగువ కొలాబ్ ఆనకట్ట దాటి, చాలా దూరం ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వెంట దిగి, కుంట, మోటు ఊళ్ల దగ్గర సీలేరు నదిని కలుపుకుని మన వైపు వస్తుంది. మాచ్‌ఖండ్ నది నీళ్లు కూడా సీలేరు ద్వారా దీంట్లోకే చేరతాయి. ఇంతవరకు పటాల్లో దొరికింది.

నాకు కావాల్సింది మనుషుల కథ. లారీ రోడ్లు రాకముందు ఈ అడవుల కలప, వెదురు నీటి మీదే గోదావరికి చేరి, పాపికొండల మధ్య నుంచి రాజమండ్రి వెళ్లేవి. తెప్పలు ఎక్కడ కట్టేవారు? కుంట రేవులోనా, ఇంకా పైనా? బరువైన దుంగలు మునగకుండా వెదురు కలిపి కట్టేవారా? వరద తగ్గాక బయల్దేరేవారా? రాళ్లున్న చోట ఎలా దాటించేవారు? తెప్ప నడిపినవాళ్లలో కోయలు ఎందరు, కింది నుంచి వచ్చినవాళ్లు ఎందరు? తిరిగి ఇంటికి నడిచే వచ్చేవారా?

చింతూరు, వరరామచంద్రపురం, కూనవరం వైపు పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే దయచేసి అడిగి చెప్పండి. పోలవరం ముంపుతో ఆ ఊళ్లు చెదిరిపోతున్నాయి, అందుకే ఈ తొందర. పాత రేవుల ఫోటోలు, అటవీ శాఖ పాత రికార్డులు ఎక్కడ చూడొచ్చో తెలిసినా చాలా మేలు చేసినవారవుతారు.