‘ఈలాటివారిదే’: ఆ ‘లాటి’లో ఒడిలోని బిడ్డ ఉన్నాడా?

జిజ్ఞాసువు:
శిశువుకు బాప్తిస్మమిచ్చే ఆరాధనలో చదివే వాక్యమొకటి నా జ్ఞాపకంలో రెండు రూపాలుగా తిరుగుతోంది. ‘దేవునిరాజ్యము వీరిదే’ అని ఒకటి, ‘దేవునిరాజ్యము ఈలాటివారిదే’ అని మరొకటి. మార్కు సువార్త పదవ అధ్యాయమని తెలుసు గాని పాఠం మీద పట్టు లేదు. పాఠం తేలినా నా సందేహం పూర్తిగా తీరదు. యేసు ఆ మాట అన్నప్పుడు రాజ్యానికి హక్కుదారులు ఎదుట ఉన్న చంటిబిడ్డలా, లేక బిడ్డల వంటి మనస్సు గల పెద్దలా? మొదటిదే నిజమైతే ఆ బిడ్డలకు నీళ్లు నిరాకరించడం కష్టం. రెండవదే నిజమైతే ఆ వాక్యాన్ని ఆ సందర్భంలో చదవడానికి వేరే సమర్థన వెదకాలి.

పదవిభాగి:
పాఠం ‘ఈలాటివారిదే’. గ్రీకు మూలంలోనూ ‘ఇట్టివారి’ అనే అర్థమిచ్చే ‘తొయూతోన్’ అన్న మాటే ఉన్నది. అయితే ‘లాటి’ రాగానే ఎదుటివాడు తప్పుకుంటాడని వాదించేవారు మన వాడుకను ఒకసారి గమనించాలి. ‘నీలాంటివాడు ఈ మాట అనవచ్చునా’ అని మందలిస్తే ఆ మందలింపు ముందుగా తగిలేది ఎదుట నిలబడినవాడికే, వాడిని పోలిన తక్కినవారికి ఆ తరువాతనే. 16వ శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విన్ కూడా ఈ వాక్యాన్ని ఇదే దారిలో చదివాడు. ‘ఇట్టివారు’ అన్న మాట ఆ శిశువులనూ వారిని పోలినవారినీ కలుపుకొనేదే తప్ప శిశువులను తోసివేసేది కాదని అతని వాదం. పైగా పెద్దలను బిడ్డలతో పోల్చే పని తరువాతి వచనంలోని ‘చిన్నబిడ్డవలె’ అన్న మాట విడిగా చేస్తూనే ఉన్నది. ఆ పోలికను ‘లాటి’ మీద కూడా మోపితే ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టవుతుంది.

నిఘంటుప్రియ:
పదవిభాగి గారూ, మీ ఉదాహరణ మందలింపు కాబట్టి మీ వైపు మొగ్గింది. ‘నీలాంటి కొడుకు నాకూ ఉంటే బాగుండును’ అన్న తల్లి మాటలో ఎదుటివాడు ఉన్నాడా? అక్కడ ‘లాంటి’ అతన్ని కొలతగా మాత్రమే నిలిపి పక్కన పెట్టింది. అందుచేత ఆ ఒక్క మాటతో తీర్పు చెప్పలేము. ఇంకొకటి కూడా గమనించండి. పదహారవ వచనంలో యేసు ఆ బిడ్డలను ఎత్తి కౌగిలించుకొని, చేతులుంచి ఆశీర్వదించాడు. నీళ్ల ప్రస్తావన అక్కడ ఎక్కడా లేదు. విశ్వాసం ఒప్పుకొన్నవారికి మాత్రమే బాప్తిస్మమిచ్చే సంఘాలలో బిడ్డను ఆరాధనకు తెచ్చి ప్రార్థనతో ప్రతిష్ఠించే ఆచారానికి ఆధారం ఈ వచనమే. ఒకే వాక్యం రెండు పక్షాలకూ పునాది అయినప్పుడు, దానిలోని ఒక్క పదానికి అంత బరువు మోయించడం న్యాయమా?

పాతప్రతి:
మీరిద్దరూ ‘లాటి’ దగ్గర ఆగిపోయారు. నా దృష్టిలో అసలు కీలకం దానికి ముందున్న ‘వారి నాటంకపరచవద్దు’ అన్న మాటలో ఉన్నది. అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుడు దారిలో నీళ్లు చూచి ‘నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి’ అని అడుగుతాడు. పదవ అధ్యాయంలో కొర్నేలి ఇంటివారి విషయంలో పేతురు, నీళ్లకు ఎవడైనా ఆటంకము చేయగలడా అని ప్రశ్నిస్తాడు. గ్రీకులో ఈ మూడు చోట్లా ఒకే క్రియ. మన అనువాదకులు కూడా మూడు చోట్లా ‘ఆటంకము’నే నిలిపారు. ఆదిమ సంఘంలో బాప్తిస్మానికి ముందు ‘ఏ ఆటంకమైనా ఉన్నదా’ అని విచారించే వాడుక ఉండేదనీ, ఆ వాడుక తెలిసినవారికి బిడ్డల ఘట్టం వినగానే బాప్తిస్మమే స్ఫురించేదనీ 20వ శతాబ్దపు వేదాంతి ఆస్కర్ కుల్‌మన్ ప్రతిపాదించాడు. నాకు ఈ ప్రతిపాదన ఎంతో ఇష్టం.

నిఘంటుప్రియ:
ఇష్టం వేరు, నిరూపణ వేరు. ‘ఆటంకపరచు’ అన్నది నిత్యవ్యవహారంలోని క్రియ. మూడు చోట్ల వచ్చినంత మాత్రాన అది ఆరాధనలోని పలుకు కాజాలదు. అయితే మీ వాదానికి ఇంతకంటే గట్టి సాక్షి ఒకడున్నాడు, అతడు ఎదుటి పక్షంవాడు కావడమే విశేషం. క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత బాప్తిస్మం గురించి వ్రాస్తూ, ‘వారిని ఆటంకపరచవద్దు’ అన్న ప్రభువు మాటను తానే ఎత్తుకొని, వారు ఎదిగేటప్పుడు రానిమ్మనీ, ఎవరి దగ్గరికి వస్తున్నారో తెలుసుకొనేటప్పుడు రానిమ్మనీ, నిర్దోషమైన ఆ ప్రాయం పాపక్షమాపణ కోసం తొందరపడడమెందుకనీ అడిగాడు. అతడు కాదనడానికి పూనుకున్నాడంటే, ఆ వాక్యాన్ని చూపి బిడ్డలను నీళ్ల దగ్గరికి తెచ్చేవారు అప్పటికే ఉన్నారని కదా!

పదవిభాగి:
‘నిర్దోషమైన ప్రాయం’ అనగానే నాకు జాషువా ‘శిశువు’ పద్యాలు గుర్తుకు వచ్చాయి. నవమాసాల పయనం ముగించి వచ్చిన ఆ ‘పురిటింటి బాటసారి’ని కవి ‘నిర్గుణుండు’ అన్నాడు. కీర్తనకారుడు ‘నేను పాపములో పుట్టినవాడను’ అన్నదానికి ఈ మాట ఎంత దూరం! 253 ప్రాంతంలో కార్తేజీ బిషప్పు సిప్రియను, అతనితో కూడిన 66 మంది బిషప్పులు, బిడ్డకు బాప్తిస్మమివ్వడానికి సున్నతి లెక్కన ఎనిమిదవ దినం వరకు ఆగనవసరం లేదని తీర్మానించినప్పుడు ఈ రెండింటి నడుమ ఒక దారి చూపారు. అప్పుడే పుట్టిన బిడ్డ తానుగా ఏ పాపమూ చేయలేదు, ఆదాము సంతతిగా మరణపు అంటును మాత్రమే తెచ్చుకున్నాడు, కాబట్టి అతనికి క్షమింపబడేవి సొంత పాపాలు కావు, పరుల పాపాలు. జాషువా ‘నిర్గుణుండు’ ఈ వాక్యం పక్కన కూర్చోగలడనే నేననుకుంటాను.

పాతప్రతి:
కూర్చోగలడు, కాని ఆ పద్యాలలోనే మన చర్చకు ఇంకా దగ్గరి మాట ఉన్నది. బిడ్డను కవి ‘నోరులేని యోగి’ అన్నాడు. శిశు బాప్తిస్మం మీద అన్ని శతాబ్దాల తగవూ ఆ నోరులేనితనం మీదనే. రోమాకు చెందిన తొలినాటి వేదాంతి హిప్పొలైటస్ పేరిట ప్రచారంలో ఉన్న ప్రాచీన సంఘక్రమం, ముందుగా చిన్నవారికి బాప్తిస్మమివ్వాలనీ, తమకు తాము జవాబు చెప్పగలవారు చెప్పాలనీ, చెప్పలేనివారి తరఫున తల్లిదండ్రులో బంధువులో పలకాలనీ విధించింది. జ్ఞాన తల్లిదండ్రులు నేటికీ చేసే పని అదే. బిడ్డ తన మాట ఇవ్వకముందే దేవుడు తన మాట ఇచ్చాడన్నది ఆ క్రమం వెనుక ఉన్న విశ్వాసం. బిడ్డ పెరిగి ఆ మాటను తన నోటితో చెప్పే రోజు దానికి కొనసాగింపు. ఈ అర్థాన్ని నేను మనసారా నమ్ముతాను.

నిఘంటుప్రియ:
మీ నమ్మకాన్ని గౌరవిస్తాను. కాని నోరులేనివాడి తరఫున ఇంకొకరు పలికినది విశ్వాసమవుతుందా అన్న ప్రశ్నతోనే 1525 జనవరిలో జూరిక్‌లో కాన్రాడ్ గ్రేబెల్ మొదలైనవారు, శిశువులుగా పొందిన బాప్తిస్మాన్ని బాప్తిస్మంగా ఎంచక, తిరిగి పొందారు. రెండేళ్లు తిరిగేసరికి వారిలో ఫెలిక్స్ మాన్జ్‌ను అక్కడి నగర పాలకులు లిమ్మాత్ నదిలో ముంచి చంపారు. ప్రాణం పెట్టి అడిగిన ఆ ప్రశ్నను ‘కొనసాగింపు’ అన్న ఒక్క మాటతో దాటవేయలేము. ప్రాచీన సంఘపు ప్రముఖ వేదాంతి అగస్టీను తల్లి మోనికా భక్తురాలు. అయినా అతడు బాప్తిస్మం పొందింది 387లో, ముప్పై దాటిన తరువాత. భక్తిగల ఇళ్లలోనూ ఆగడం ఉండేదని గుర్తుంచుకోవాలి.

జిజ్ఞాసువు:
ఇంత చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. కాని నా ‘లాటి’ సంగతి మధ్యలోనే నిలిచిపోయింది. ఎదుట ఉన్నవారిని చూపుతూ ‘ఇట్టివారు’ అన్నప్పుడు వారు అందులో చేరతారనడానికి లేఖనంలోనే మరొక ప్రయోగం ఉంటే చూపగలరా?

పదవిభాగి:
ఉన్నది. అపొస్తలుల కార్యములు 22:22. యెరూషలేము జనసమూహం పౌలును చూచి ‘ఇటువంటివాడు బ్రదుకతగడు’ అని కేకలు వేసింది. గ్రీకులో అదే పదం. వారు చంపమన్నది పౌలునే గాని పౌలును పోలిన మరొకరిని కాదు. మీ బిడ్డలు లోపలే ఉన్నారు.

నిఘంటుప్రియ:
అయితే మత్తయి 18:5లోని ‘ఈలాటి యొక బిడ్డను నా పేరట చేర్చుకొనువాడు’ అన్నదాన్ని ఏమి చేస్తారు? అక్కడా ఒక బిడ్డ శిష్యుల మధ్య నిలబడే ఉన్నాడు, గ్రీకులోనూ అదే పదం. కాని చేర్చుకోమన్నది ఆ ఒక్కణ్ణే కాదు, అలాంటి ఏ బిడ్డనైనా. అక్కడ నిలబడినవాడు కొలతా, లేక చేర్చుకోవలసినవారిలో మొదటివాడా? ఇది ముందు తేల్చి, తరువాత మార్కు దగ్గరికి రండి.

పదవిభాగి:
మొదటివాడే. ఎందుకో రేపు వివరంగా వ్రాస్తాను.