నడుం లోతు పడవా, నిలువు లోతు పడవా?

ప్రశ్న (యానాం)

నమస్కారమండీ. ఇరవై ఏళ్లు ఓడల్లో ఇంజిన్ రూములో పనిచేసి, ఈ ఏడాదితో ఇంటికి వచ్చేస్తున్నాను. వచ్చాక ఓ తెరచాప పడవ ఉంచుకోవాలని ఎప్పటి నుంచో కోరిక. గల్ఫ్‌లో నేనున్న రేవులో రెండు పాత ఇంగ్లీషు పడవలు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి వెస్టర్లీ సెంటార్, 26 అడుగులు. రెండోది కాంటెస్సా 32, పొడవు పేరులోనే ఉంది. ధరలు దగ్గరదగ్గరగానే చెబుతున్నారు. యానాంలో కట్టుకుని గౌతమిలో తిరగాలి, చలికాలంలో కాకినాడ, కుదిరితే విశాఖ దాకా. వచ్చేది ఆవిడా, పెద్దబ్బాయీ అంతే. నా మనసు పెద్దదాని మీదే ఉంది. ఏమంటారు?

జవాబు (కాకినాడ)

కాంటెస్సా కళ్లు మూసుకుని తీసుకోండి. 1979 ఆగస్టులో ఇంగ్లండ్ వైపు జరిగే ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెం మధ్యలో తుపాను కొట్టి పోటీదారులు పదిహేను మంది పోయారు. ఆ పందెంలో అన్నిటికన్నా చిన్న పడవల తరగతిలో చివరిదాకా వెళ్లింది ఒక్కటే, అది కాంటెస్సా 32. మన బంగాళాఖాతానికి అలాంటిదే కావాలి.

జవాబు (తాళ్లరేవు)

కాకినాడ వారు చెప్పింది నిజమే. కానీ అది సముద్రం మాట. ఈయన ముందు గౌతమి దాటాలి కదండీ.

పొడవు పక్కన పెట్టి, నీళ్లలో ఎంత దిగుతుందో చూడండి. సెంటార్‌కి మూడడుగులు చాలు. కాంటెస్సాకి ఐదున్నర అడుగులు కావాలి. ఒకటి నడుం లోతు, ఇంకోటి మనిషి నిలువు లోతు. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు ఒక వరద వెళ్లేసరికి చోటు మారిపోతాయి. పోయినేడు పడవ వెళ్లిన దారిలో ఈ ఏడు కొంగలు నిలబడి ఉంటాయి.

నా అనుభవం చెబుతాను. స్నేహితుడి పడవ కూడా కాంటెస్సాలా ఒంటి కీల్‌దే (కీల్ అంటే పడవ అడుగున కిందికి దిగి ఉండే బరువైన రెక్క), ఐదడుగులు దిగుతుంది. కోరంగి వైపు ఒక పాయలోకి పోటు మీద దర్జాగా వెళ్లాం. వంట పూర్తయ్యేసరికి పాటు మొదలైంది, నీరు తగ్గిపోతోంది. ముందు గ్లాసు జారింది, తర్వాత స్టౌ మీద చేపల పులుసు గిన్నె, ఆ తర్వాత మేము. పడవ మెల్లగా పక్కకి ఒరిగి బురదలో పడుకుంది. మళ్లీ పోటు లేపేదాకా ఐదు గంటలు గోడ మీద కూర్చున్నాం. నిజంగానే గోడ మీద, ఎందుకంటే నేల గోడయింది. దోమల సంగతి అడగకండి.

సెంటార్‌కి రెండు కీల్‌లు, అటొకటి ఇటొకటి. నీరు పోతే రెండు కాళ్ల మీద నిలబడుతుంది. గట్టి ఇసుక మీద నిలిపితే పాటులోనే అడుగు గీకి రంగు కూడా వేసుకోవచ్చు, క్రేన్ ఖర్చు ఉండదు.

ఇక వేగం. నీటి గీత దగ్గర పడవ పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే గరిష్ఠ వేగం నాట్లలో, అంటే గంటకి ఎన్ని నాటికల్ మైళ్లో వస్తుంది. కాంటెస్సా ముక్కూ తోకా నీటి మీదకి చాచుకుని ఉంటాయి, నీటి గీత 24 అడుగులే. సెంటార్‌ది 21 అడుగుల 4 అంగుళాలు. లెక్క కడితే 6.6, 6.2. ఆరడుగులు ఎక్కువ కొంటే చేతికొచ్చేది అర నాటు కూడా కాదు! పైగా కాంటెస్సా సన్నగా, నీటికి దగ్గరగా ఉంటుంది. అలలో తడవడం ఖాయం. లోపల చోటు కూడా చిన్నదానిలోనే ఎక్కువ అనిపిస్తుంది. ఆవిడ ఓటు ఎటో నేను చెప్పక్కర్లేదు.

జవాబు (నరసాపురం)

తెరచాప స్తంభం సంగతి మరిచిపోతున్నారు. యానాం–ఎదుర్లంక వంతెన కింద నుంచి పైకి వెళ్లాలంటే నీటి మట్టం నుంచి స్తంభం కొస దాకా, యాంటెనాతో సహా కొలవండి. వంతెన కింద ఖాళీని పోటు నిండుగా ఉన్నప్పుడే కొలవండి. మా చించినాడ వంతెన దగ్గరా ఇదే లెక్క. నదికి అడ్డంగా పోయే కరెంటు తీగలు వంతెన కన్నా ప్రమాదం.

ప్రశ్న (యానాం)

ఆయ్, లెక్క బాగా చెప్పారు. కానీ విశాఖ? ఎదురుగాలి పడితే చిన్నది వెళ్తుందా? తుపాను వస్తే ఎక్కడ పెట్టాలి?

జవాబు (తాళ్లరేవు)

ఎదురుగాలిలో కాంటెస్సాదే పైచేయి, అందులో సందేహం లేదు. దాని 4.3 టన్నుల బరువులో రెండు టన్నులు కీల్‌లోనే ఉంది. సెంటార్ గాలికి పక్కకి జారుతుంది. కాకినాడ నుంచి విశాఖ సుమారు 80 నాటికల్ మైళ్లు. గాలి ఒప్పుకున్న రోజు చూసుకుని బయలుదేరండి, లేదంటే మర వేసుకోండి. ఏడాదికి రెండుసార్లు చేసే ప్రయాణం కోసం మిగతా రోజులన్నీ బురదలో ఇరుక్కోకూడదు.

1996 నవంబరు 6 రాత్రి ఇక్కడ ఉన్నవాళ్లకి తుపాను గురించి చెప్పక్కర్లేదు. హోప్ ఐలాండ్ అడ్డం ఉందని కాకినాడ బేలో వదిలేయకండి. హెచ్చరిక వచ్చిన రోజునే మడ అడవుల పాయల్లోకి తీసుకెళ్లి నాలుగు వైపులా తాళ్లు కట్టాలి. అక్కడికి మూడడుగుల పడవే వెళ్తుంది. అభయారణ్యం కిందకి వచ్చే చోట అటవీ శాఖను ముందే అడిగి ఉంచుకోండి.

సెంటార్‌కీ ఒక జబ్బుంది. కీల్‌లు పడవ అడుక్కి అతుక్కునే చోట ఫైబర్ అలిసిపోయి చిట్లుతుంది, నీరు ఊరుతుంది. లోపల బల్లలు ఎత్తించి బోల్టుల చుట్టూ టార్చి వేసి చూడండి. మన జిగట బురద కీల్‌ని పట్టి లాగుతుంది కాబట్టి అక్కడ రాజీ పడొద్దు. కస్టమ్స్ సుంకం ఎంతో అడ్వాన్సు ఇచ్చే ముందే కనుక్కోండి. అది పడవ ధరనే మించిపోవచ్చు.

ప్రశ్న (యానాం)

ఇవాళ వెళ్లి చూశానండి. ఎడమ కీల్ మూల వెంట్రుక మందాన గీత ఉంది. గుడ్డతో తుడిచాను, పావుగంటలో మళ్లీ చెమ్మ. అమ్మేవాడు ఏసీ నీళ్లంటున్నాడు. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను, ఉప్పగా ఉంది. బాగుచేయించే ఖర్చు తగ్గించమన్నాను. రేపు చెబుతానన్నాడు.