9,400 కిలోమీటర్లే తిరిగిన పాత డుకాటి స్క్రాంబ్లర్: నెల్లూరు ఉప్పుగాలిలో కొనొచ్చా?

మైపాడురోడ్డు:
2017 మోడల్ స్క్రాంబ్లర్ 800 ఒకటి నెల్లూరులో అమ్మకానికి ఉంది. మీటరులో 9,400 కి.మీ. ఓనరేమో "బండి తిరగనే లేదు, షోరూం కండిషన్" అంటున్నాడు. సర్వీసు పుస్తకంలో బెల్టులు మార్చిన రాత ఎక్కడా లేదు. కొంటే బండి ఉండేది సముద్రపు గాలి తగిలే చోట. కొనేముందు ఏమేం చూడాలి, తర్వాత ఏం చేయిస్తూ ఉండాలి? రేటు సంగతి వదిలేయండి, పని సంగతి చెప్పండి. అసలు ఇన్ని తిప్పలు పడేంత ఏముందన్నా ఆ బండిలో?

టాపెట్‌గ్యాపు:
తిరగలేదు అన్నమాట విని మురిసిపోవద్దు అన్నా. ఈ ఇంజన్లో కిలోమీటర్ల కంటే ఏళ్లు ఎక్కువ చెరుపు చేస్తాయి. కామ్‌లను, అంటే వాల్వులను తెరిచే ఇరుసులను, తిప్పేది చైను కాదు, పళ్లున్న రబ్బరు బెల్టులు. సిలిండరుకొకటి, మొత్తం రెండు. వాటి గడువు 24,000 కి.మీ. లేదా 5 ఏళ్లు, ఏది ముందొస్తే అది. 2017 బండికి గడువు ఎప్పుడో దాటిపోయింది. నెలల తరబడి నిలిపిన బండిలో బెల్టు పుల్లీ దగ్గర వంగిన చోటే అలా బిగుసుకుపోతుంది. నడుస్తుండగా తెగిందా, వాల్వులు పిస్టన్‌కు కొట్టుకుంటాయి. ఇంక హెడ్డు విప్పాల్సిందే. కాబట్టి బెల్టులు మార్చేదాకా స్టార్టు చేసి చూడటం కూడా ఎంత తక్కువైతే అంత మేలు.

రెండోది వాల్వుల పని. మామూలు ఇంజన్లో వాల్వును కామ్ తెరిస్తే స్ప్రింగు మూస్తుంది. డుకాటిలో మూయడానికీ ఒక రాకర్ (చిన్న మీట) ఉంటుంది, దాన్నే డెస్మో అంటారు. 1956లో ఫాబియో తాలియోని రేసు బండికి పెట్టిన పద్ధతి, రోడ్డు బండికి 1968లో వచ్చింది. అందువల్ల ఒక్కో వాల్వుకు రెండు గ్యాపులు (తెరిచే వైపు ఒకటి, మూసే వైపు ఒకటి), నాలుగు వాల్వులకు ఎనిమిది కొలతలు. స్క్రూ తిప్పి సరిచేసే టాపెట్లు కావివి, షిమ్ములు (కొలతల ప్రకారం వచ్చే చిన్న లోహపు ముక్కలు) మార్చాలి. మూసే వైపు షిమ్మును పట్టి ఉంచేవి సన్నటి తీగలాంటి రెండు అర ఉంగరాలు. కొత్తలో అవి నలిగి సర్దుకుంటాయి, దాంతో గ్యాపు మారుతుంది. అందుకే 12,000 దగ్గర చేసే మొదటి చెకింగు దాటవేయకూడదు. కొలత పూర్తిగా చల్లారిన ఇంజను మీదే. ఎలాగూ బెల్టులకు విప్పుతారు గనక, ఇదీ అప్పుడే చూపించేయండి.

చూడటానికి వెళ్లేటప్పుడు ఇంజను వేడి చేసి పెట్టొద్దని ముందే చెప్పండి. చేయి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారనే లెక్క. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 3517 అంటే 2017లో 35వ వారం. గుండీలు నిండుగా ఉన్నా అంత పాత రబ్బరు తడి రోడ్డు మీద పట్టదు, మార్చాల్సిందే. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మార్చినట్టు రాసుందా చూడండి.

ఉప్పుగాలి:
మైపాడు వైపు అంటే ఇంజన్ కంటే పైపై సామానుకే దెబ్బ. అల్యూమినియంలోకి స్టీలు బోల్టు దిగిన ప్రతిచోటా తెల్లటి పొడి కనిపిస్తుంది, ఆ తర్వాత బోల్టు కదలదు. విప్పిన ప్రతిసారీ బోల్టు మరలకు యాంటీ సీజ్ (బోల్టు పట్టేయకుండా పూసే పేస్టు) పూసి బిగించండి. కరెంటు కనెక్టర్లలో తేమ చేరకుండా డైఎలెక్ట్రిక్ గ్రీజు పెట్టండి, ముఖ్యంగా బ్యాటరీ చార్జింగును అదుపు చేసే రెగ్యులేటరు కనెక్టరులో. అక్కడ పిన్ను నల్లబడితే వేడెక్కి కరుగుతుంది.

బీచికి వెళ్లొచ్చిన రోజే నీళ్లు పోసి కడగాలి. ఇక్కడో మెలిక ఉంది. తీరం దగ్గర బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు. చివరి రెండు బకెట్లయినా మంచినీళ్లు పోయండి. ప్రెషర్ గన్ను మాత్రం చక్రం బేరింగులకు, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) పివట్‌కు, వైరింగుకు సూటిగా పట్టొద్దు. ప్లాస్టిక్ కవరు తేమను లోపలే పట్టేస్తుంది, నూలు దుప్పటి కప్పినా నయమే.

బ్యాటరీ 12.4 వోల్టుల కిందికి దిగితే చార్జర్ పెట్టండి. నీరసంగా ఉన్న బ్యాటరీతో సెల్ఫు మళ్లీ మళ్లీ నొక్కితే ఇంజను వెనక్కి తంతుంది, స్టార్టరు క్లచ్చు పాడవుతుంది. పెట్రోలులో ఇథనాల్ తేమను పీలుస్తుంది గనక సగం ట్యాంకుతో నెలలు వదిలేయొద్దు. మూత తీసి టార్చి వేసి చూడండి, అడుగున ఎర్రటి పొర ఉంటే బేరం వదిలేయడమే.

మైపాడురోడ్డు:
బెల్టులు ఇంట్లో మార్చుకోవచ్చా? చెన్నై దాకా 175 కి.మీ. ఈ బెల్టుల మీద తోలుకెళ్లాలంటే భయంగా ఉంది.

టాపెట్‌గ్యాపు:
తోలొద్దు, ట్రాలీ ఆటోలో ఎక్కించండి. పానాలు పట్టే అలవాటుంటే బెల్టుల వరకు ఇంట్లోనే అవుతుంది, షిమ్ముల జోలికి వెళ్లకండి. వెనక చక్రాన్ని ఎత్తి ఉంచే ప్యాడాక్ స్టాండు మీద నిలిపి ప్లగ్గులు తీసేయండి. ఆరో గేరులో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పుతూ ముందు సిలిండరును కంప్రెషన్ స్ట్రోకు పైకొసకు తెచ్చి, పుల్లీల మీద గుర్తులు కలిశాయో లేదో చూడండి. విప్పేముందు పాత బెల్టు మీదా పుల్లీ మీదా తెల్ల పెయింటు చుక్క పెట్టండి, ఆ పళ్లు లెక్కపెట్టి కొత్త బెల్టుకూ అవే చుక్కలు పెట్టండి. బెల్టు లేనప్పుడు చక్రం తిప్పొద్దు. కొత్త బెల్టును మడవొద్దు, నూనె చేయి తగలనివ్వొద్దు. బిగువు ఫోను యాప్‌తో చూడొచ్చు: తంబురా తీగ మీటినట్టు బెల్టును మీటితే మైకు ఎన్ని హెర్ట్జ్‌లో చెబుతుంది. ఎంత ఉండాలో వర్క్‌షాప్ మాన్యువల్ అంకె చూసే పెట్టండి. ఎక్కువైతే బేరింగు కూత పెడుతుంది, తక్కువైతే పన్ను జారుతుంది. అయ్యాక క్రాంకు రెండు చుట్లు చేత్తో తిప్పి గుర్తులు మళ్లీ చూడండి. ఎక్కడైనా అడ్డుపడితే బలం చేయొద్దు, పన్ను తప్పిందని అర్థం.

ఘాట్‌రోడ్డు:
ఏముందా బండిలో అన్నారు కదా, ఆ మాటకు ఎవరూ జవాబివ్వలేదు. రెండు సిలిండర్ల మధ్య 90 డిగ్రీలు, ముందుది దాదాపు పడుకుని ఉంటుంది. పేలుళ్ల మధ్య ఎడం ఒకసారి 270 డిగ్రీలు, ఒకసారి 450. అందుకే ఆ శబ్దం సమంగా రాదు, రెండు దగ్గరగా వేసి ఒకటి ఆపినట్టు డోలు మోతలా ఉంటుంది. రాపూరు దాటి చిట్వేలి ఘాట్‌లో మూడో గేరు వదలకుండా మలుపు నుంచి మలుపుకు లాక్కెళ్లే లక్షణం ఈ 803 సిసిది.

అదే బండి గాంధీబొమ్మ సెంటరులో చుక్కలు చూపిస్తుంది. 2,500 ఆర్పీఎం లోపల పై గేరులో కుదుపుతుంది, రెండో గేరులోనే పాకించాలి. రేడియేటరు ఫ్యాను లేదు, గాలితోనే చల్లారాలి గనక రోహిణి కార్తెలో సిగ్నలు నిమిషం దాటితే ఇంజను ఆపేయండి. చైను మాత్రం బిగుతుగా పెట్టించొద్దు, మన మెకానిక్కులు లూజు చూడగానే బిగించేస్తారు. స్వింగార్మ్ మీది స్టిక్కరులో ఉన్న కొలతే పెట్టమనండి, లేదంటే గేర్‌బాక్సు బయటి బేరింగు పోతుంది.